నల్లగొండ ఆస్పత్రి లాండ్రీకి డీజిల్ బాయిలర్ ఎంపిక: 2 లక్షల కిలోకేలరీల చోట 50 వేలు ఎందుకు సరిపోయింది

నల్లగొండ పట్టణంలో 100 పడకల ఆస్పత్రి అది. దుప్పట్లు, ఆపరేషన్ థియేటర్ బట్టలు బయటికి పంపకుండా లోపలే ఉతుకుతారు. లాండ్రీకి వేడినీళ్లిచ్చే డీజిల్ బాయిలర్ పాతబడి ట్యూబుల దగ్గర నీళ్లు కారుతోంది. దాని సామర్థ్యం గంటకు 2 లక్షల కిలోకేలరీలు. యాజమాన్యం అడిగింది ఒక్కటే: ఇదే సైజులో డీజిల్ తక్కువ తాగే బాయిలర్ ఏది?

మూడు కొటేషన్లు వచ్చాయి. మొదటిది 2 లక్షలది, 88 శాతం ఎఫిషియెన్సీ. రెండోది లక్షది, 91 శాతం. మూడోది పొగలోని ఆవిరి వేడిని కూడా పట్టుకునే కండెన్సింగ్ రకం, 98 శాతం. కాగితం మీద చూస్తే మూడోదే కొనాలనిపిస్తుంది. కానీ వేడినీళ్లు రోజుకు ఎన్ని కావాలో, ఏ వేడిలో కావాలో, ఏ గంటలో కావాలో మూడు కొటేషన్లలో ఒక్కదాంట్లోనూ లేదు. అందుకే కొటేషన్లు పక్కనపెట్టి ముందు వారం రోజులు కొలతలు తీసుకోవాల్సి వచ్చింది. చల్లనీళ్ల లైనుకు వాటర్ మీటరు, బర్నర్ మోటారుకు గంటల మీటరు, స్టార్టుల లెక్కకు కౌంటరు పెట్టాలి. డీజిల్ ట్యాంకులో పొద్దునా సాయంత్రం గేజు కర్రతో కొలవాలి. ఈ నాలుగింటికి అయ్యే ఖర్చు బాయిలర్ ధర ముందు లెక్కలోకి రాదు.

వారం సగటు ఇది. లాండ్రీకి రోజుకు 2,400 లీటర్లు, 75 డిగ్రీల దగ్గర. వంటగదికి, సామాన్లు కడగడానికి 600 లీటర్లు, 60 డిగ్రీల దగ్గర. రోగుల స్నానాలకు డాబా మీద 2,000 లీటర్ల సోలార్ ఉంది; మబ్బు పట్టిన రోజున ఆ భారమూ బాయిలర్ మీదే పడుతుంది. వచ్చే నీళ్లు 25 డిగ్రీలు అనుకుంటే, లీటరు నీటికి డిగ్రీకి ఒక కిలోకేలరీ చొప్పున లాండ్రీకి 1,20,000 కిలోకేలరీలు, వంటగదికి 21,000, మొత్తం 1,41,000. మబ్బు రోజున స్నానాలకు ఇంకో 70,000. పైపుల్లో, ట్యాంకులో పోయేదానికి 24,000 వేసుకున్నా అన్నిటికన్నా బరువైన రోజున 2,35,000 దాటదు.

అంటే పాత బాయిలర్ ఒక గంటా పది నిమిషాల్లో చేసేసే పని అది. మిగతా 22 గంటల 50 నిమిషాలు ఏం చేస్తోందన్నదే అసలు ప్రశ్న.

డీజిల్ ఖర్చు రోజుకు 30 లీటర్లు. లీటరు డీజిల్ కాలితే వచ్చే నికర వేడి సుమారు 8,600 కిలోకేలరీలు. 30 లీటర్లకు 2,58,000. అందులో పనికొచ్చింది 1,41,000. నూటికి 55 కూడా లేదు. మరి పొగను అనలైజర్‌తో చూస్తే పొగ వేడి 290 డిగ్రీలు, ఆక్సిజన్ 8 శాతం, గది గాలి 30 డిగ్రీలు. పొగలో పోయే వేడిని లెక్కగట్టే పద్ధతి సులువే. 21లోంచి ఆక్సిజన్ శాతం తీసేయాలి. 0.68ని ఆ వచ్చిన అంకెతో భాగించి 0.007 కలపాలి. దాన్ని పొగకూ గది గాలికీ ఉన్న వేడి తేడాతో గుణించాలి. ఇక్కడ 13తో భాగిస్తే 0.0523, కలిపితే 0.0593, 260తో గుణిస్తే 15.4 శాతం. అంటే మంట నూటికి 84.6 పాళ్లు బాగానే ఇస్తోంది. చాలామంది సర్వీసు మెకానిక్‌లు ఈ 84.6 దగ్గరే ఆగి, బాయిలర్ మరీ చెడ్డదేం కాదని చెప్పి వెళ్లిపోతారు. 84.6కూ 55కూ మధ్య ఉన్న తేడాలోనే రోజుకు తొమ్మిది లీటర్లు పోతున్నాయి.

ఆ తేడా ఎక్కడిదో స్టార్టుల కౌంటరు చెప్పింది. రోజుకు 44 సార్లు బర్నర్ వెలుగుతోంది, మొత్తం 65 నిమిషాలు మండుతోంది. ఒక్కోసారికి నిమిషంన్నర. వెలిగే ముందు ఫ్యాన్ పావు నిమిషం పైగా చల్లగాలిని వేడి ట్యూబుల గుండా ఊదుతుంది. ఆ గాలి వేడిని పట్టుకుని పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. మంట మొదటి క్షణాల్లో చల్లని కొలిమిలో మసి పడుతుంది. మంట నిలకడకు వచ్చేలోపే థర్మోస్టాట్ ఆపేస్తుంది. ఆపాక కూడా 80 డిగ్రీల బాయిలర్ ఒంట్లోంచి వేడి పొగగొట్టం మీదుగా లాగబడుతూనే ఉంటుంది. దీనికి తోడు వేడినీళ్లు చుట్టూ తిరిగి ట్యాంకుకు వచ్చే 80 మీటర్ల లూపు పైపులో 26 మీటర్లకు, వేడి పోకుండా చుట్టిన లాగింగ్ ఊడిపోయింది. ఒకటిన్నర అంగుళం ఇనుప పైపు, లోపల 75, బయట 30 డిగ్రీలైతే మీటరుకు సుమారు 70 వాట్లు గాలిలో కలుస్తాయి. 26 మీటర్లకు రోజంతా కలిపి 37,500 కిలోకేలరీలు. నాలుగున్నర లీటర్ల డీజిల్ బోడి పైపు చుట్టూ ఉన్న గాలిని వేడి చేయడానికే పోయింది.

అసలు డీజిలే ఎందుకని అడగడం న్యాయమే. లెక్కకు డీజిల్ లీటరు 96 రూపాయలు, కరెంటు యూనిట్ 9 రూపాయలు అనుకుందాం. రోజు మొత్తం మీద 84 శాతం అందుకున్నా డీజిల్‌తో వెయ్యి కిలోకేలరీలకు 13 రూపాయల పైన పడుతుంది. మామూలు కరెంటు హీటరుతో 11. ఒక యూనిట్ కరెంటుకు మూడింతల వేడిచ్చే హీట్ పంపుతో మూడున్నర. స్నానాల నీళ్లకు మాత్రమే అయితే ఆయిల్ బాయిలర్ కొనవద్దనే చెప్పాలి. సోలారో హీట్ పంపో పెట్టుకోవాలి. ఇక్కడ అడ్డం వచ్చింది బట్టల వేడి. ఆస్పత్రి బట్టలకు బ్రిటన్ ఆస్పత్రుల ప్రమాణం 71 డిగ్రీల దగ్గర కనీసం 3 నిమిషాలు, లేదా 65 దగ్గర 10 నిమిషాలు. బట్టలన్నీ ఆ వేడికి చేరడానికి పట్టే సమయం దానికి అదనం. మామూలు హీట్ పంపులు 55, 60 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. కరెంటు హీటర్లు పెడదామంటే ఆస్పత్రి తీసుకున్న లోడు ఏసీలతో, ఎక్స్‌రేతో ఇప్పటికే నిండిపోయింది. కరెంటు పోయిన పొద్దున కూడా లాండ్రీ నడవాలి. చిన్న జనరేటర్ మీద బర్నర్ మోటారు, పంపు తేలిగ్గా తిరుగుతాయి, హీటర్లు తిరగవు. కాబట్టి చివరి 20, 30 డిగ్రీలకు డీజిల్ ఉండాలి. కింది భాగాన్ని తర్వాత సోలార్ మోయాలి. అలా రేపు భారం ఇంకా తగ్గేదే గనుక ఇవాళ పెద్దది కొనడం రెండింతల తప్పు.

కండెన్సింగ్ సంగతి. ఐరోపాలో ఇళ్లు వెచ్చగా ఉంచే ఆయిల్ బాయిలర్లలో ఇది మామూలైపోయింది. ఇంగ్లండ్‌లో 2007 నుంచి కొత్త ఆయిల్ బాయిలర్లకు తప్పనిసరి. పొగలోని నీటి ఆవిరి తిరిగి నీళ్లయ్యేటప్పుడు వదిలే వేడిని కూడా అది పట్టుకుంటుంది. ఆయిల్ పొగలో ఆవిరి నీళ్లవ్వాలంటే దాదాపు 47 డిగ్రీల కిందికి చల్లబడాలి. అక్కడి ఇళ్లలో రేడియేటర్ల నుంచి 40 డిగ్రీల్లో తిరిగొచ్చే నీళ్లు ఆ పని చేస్తాయి. ఇక్కడ 75 డిగ్రీల ట్యాంకు నుంచి బాయిలర్‌కు తిరిగొచ్చే నీళ్లు 60 పైనే ఉంటాయి. అప్పుడు కండెన్సింగ్ బాయిలర్ కూడా మామూలు బాయిలర్‌లాగే పనిచేస్తుంది. 98 శాతం బ్రోచర్‌లోనే ఉండిపోతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. పొగలోని ఆవిరి వేడిని వదిలేసే నికర వేడి లెక్కన చెప్పిన ఎఫిషియెన్సీకీ, దాన్నీ కలుపుకునే మొత్తం వేడి లెక్కన చెప్పినదానికీ డీజిల్‌లో 6 శాతం తేడా. నికర లెక్కలో 100 దాటిన బాయిలర్లు కూడా అమ్ముతారు, అందులో మోసం లేదు. కానీ రెండు కొటేషన్లు రెండు లెక్కల్లో ఉంటే పోల్చడం కుదరదు. ఏ లెక్కో కొటేషన్ మీదే రాయించుకోవాలి. కండెన్సింగ్ వదిలేయడానికి చివరి కారణం, అందులో కారే ఆమ్లపు నీటిని వదిలే ఏర్పాటూ, దాని విడిభాగాలూ నల్లగొండలో చేతికి దొరికేవి కావు. అదనంగా పెట్టే ఆ డబ్బు సోలార్‌లో పెట్టి లాండ్రీ నీటిని 25 నుంచి 45కు తెస్తే రోజుకు 48,000 కిలోకేలరీలు, అంటే దాదాపు 6 లీటర్ల డీజిల్ మిగులుతుంది. కండెన్సింగ్ బాగా పనిచేసిన రోజున కూడా ఒక లీటరు మిగలడం కష్టం.

చివరికి తీసుకున్నది గంటకు 50,000 కిలోకేలరీల, పొగ లోపల మూడుసార్లు తిరిగి వేడినిచ్చే త్రీ పాస్ బాయిలర్, అంటే 58 కిలోవాట్లు, దానికి 2,000 లీటర్ల నిలువు ట్యాంకు. బరువైన రోజుకు కావలసిన 2,35,000ను ఇది 4 గంటల 42 నిమిషాల్లో ఇచ్చేస్తుంది. పొద్దున లాండ్రీ మొదటి గంటలో వెయ్యి లీటర్లు లాగుతుంది. ఆ ఒక్క గంట కోసమే అంతకుముందు 2 లక్షల బాయిలర్ పెట్టారు. ఆ పని ట్యాంకుకు అప్పగిస్తే బాయిలర్ తొందర పడనక్కర్లేదు. ట్యాంకు సన్నగా, పొడవుగా ఉండాలి, 100 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ ఉండాలి. చల్లనీళ్లు అడుగున నెమ్మదిగా చేరేలా లోపల అడ్డురేకు ఉండాలి, లేకపోతే పైన ఉన్న వేడినీళ్లు కలిసి గోరువెచ్చనవుతాయి.

సెన్సార్లు రెండు. మధ్య సెన్సార్ 65 కిందికి పడితే బర్నర్ మొదలు, అడుగు సెన్సార్ 75కు చేరితే ఆపు. 2,000 లీటర్లకు 10 డిగ్రీలంటే 20,000 కిలోకేలరీలు, 50,000 బాయిలర్‌కు 24 నిమిషాలు. ఒకసారి వెలిగితే అంతసేపు నిలకడగా మండుతుంది. ఒకే సెన్సార్, రెండు డిగ్రీల తేడాతో పెడితే చిన్న బాయిలర్ కూడా పాతదానిలాగే మాటిమాటికీ వెలిగి ఆరుతుంది.

బర్నర్‌లో డీజిల్‌ను చిమ్మే నాజిల్ లెక్క చాలాచోట్ల తప్పుతుంది కాబట్టి వివరంగా. 50,000 కిలోకేలరీలు నీటికి చేరాలంటే మంటలో దాదాపు 55,000 పుట్టాలి, అంటే గంటకు 6.4 లీటర్లు. నాజిల్ మీద ముద్రించిన గంటకు ఇన్ని గ్యాలన్లన్నది 7 బార్ ఒత్తిడి దగ్గరి లెక్క. ఇక్కడ పంపు 11 బార్‌కు పెట్టారు. 11ని 7తో భాగించి వర్గమూలం తీస్తే 1.25. 1.35 నాజిల్ 1.25 రెట్లు పోస్తే 1.69 గ్యాలన్లు, అమెరికన్ గ్యాలన్‌కు 3.785 లీటర్ల చొప్పున 6.4. సరిపోయింది. స్ప్రే కోణం కొలిమి ఆకారాన్ని బట్టి: పొడవుగా సన్నగా ఉంటే 45 లేదా 60, పొట్టిగా వెడల్పుగా ఉంటే 80. కోణం తప్పితే మంట గోడకు తాకి ఆ చోట బొగ్గులాగా గట్టి మసి కడుతుంది. మెకానిక్ చేతిలో ఉన్న నాజిల్ బిగించి వెళ్లకుండా సైజు, కోణం రెండూ బాయిలర్ తలుపు మీద పెయింట్‌తో రాయించాలి.

బర్నర్ సర్దుబాటులో తెలంగాణ ఎండ ఒక పెద్ద లెక్క. కొత్త బర్నర్ జనవరి పొద్దున 20 డిగ్రీల గాలిలో సెట్ చేశారనుకోండి, ఆక్సిజన్ 3.5 శాతం. మంటకు కావలసినదానికన్నా ఐదో వంతు ఎక్కువ గాలి పోతున్నట్టు. మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీలకు గాలి పలచబడుతుంది. ఫ్యాన్ అదే పరిమాణం ఊదుతుంది గానీ బరువులో 7 శాతం పైగా తగ్గుతుంది. డీజిల్ మాత్రం అంతే పడుతుంది. ఆక్సిజన్ 2 శాతం దగ్గరికి దిగుతుంది, పొగ నల్లబడుతుంది, ట్యూబులకు మసి అంటుతుంది, మంటను కనిపెట్టే ఫోటోసెల్ అద్దం మసకబారి మంట కనపడక బర్నర్ తనంతట తానే ఆగిపోయి లాకౌట్ అవుతుంది. అప్పుడు పిలిస్తే వచ్చినవాడు ఫోటోసెల్ మార్చి వెళ్తాడు, వారానికి మళ్లీ అదే జబ్బు. అందుకే చలికాలంలో సెట్ చేస్తే 4.5 శాతం దగ్గర వదలాలి, లేదంటే ఏప్రిల్‌లో మళ్లీ అనలైజర్ పెట్టి గాలి తెరవాలి. పొగను తెల్ల కాగితం గుండా లాగి చూసే మసి పరీక్షలో మచ్చ నలుపు 0 నుంచి 9 దాకా ఉండే కొలతలో 0 లేదా 1 దాటకూడదు. కంటితో మంట రంగు చూసి సెట్ చేసే పద్ధతిని ఈ సైజు బర్నర్ల దగ్గర ఒప్పుకోకూడదు.

ఇక నీళ్లు. ఇది నల్లగొండ గనుక దీనికి ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. ఈ ఆస్పత్రి బోరు నీటి గట్టిదనం లీటరుకు 620 మిల్లీగ్రాములు. రోజుకు 3,000 లీటర్లంటే దాదాపు 1.86 కిలోల సున్నపు ఉప్పు బాయిలర్ గుండా పోతోంది. పదో వంతు లోపల అంటుకున్నా నెలకు ఐదున్నర కిలోలు. పాత బాయిలర్ ట్యూబులు కోసి చూస్తే పైవరసలో పొర చిటికెన వేలి గోరంత మందం ఉంది. మంట వేడి ఆ పొర దాటి నీటిలోకి దిగలేక పొగతో పోయేది; 290 డిగ్రీల్లో సగం కథ ఇదే. పొగ వేడి ప్రతి 22 డిగ్రీలు పెరిగితే దాదాపు ఒక శాతం డీజిల్ పోయినట్టు.

ఇందుకు రెండు పనులు చేశారు. మొదటిది, బోరు నీరు బాయిలర్‌ను తాకకుండా విడగొట్టడం. బాయిలర్‌లో ఒకసారి నింపిన మెత్తటి నీరే 120 లీటర్లు తిరుగుతుంది. మధ్యలో, రెండు నీళ్లూ కలవకుండానే ఆ వేడిని బోరు నీటికి అందించే, విప్పి కడగగలిగే ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్. బాయిలర్ నుంచి 85 డిగ్రీల్లో పోయి 65లో తిరిగొచ్చేలా పంపు గంటకు 2,500 లీటర్లు. తిరిగొచ్చే నీళ్లు 55 కిందికి పోకుండా త్రీ వే వాల్వ్, లేకపోతే మామూలు బాయిలర్ లోపల పొగ చెమర్చి ఇనుము తింటుంది. వేడికి పెరిగే నీటికి చోటిచ్చే 18 లీటర్ల ఎక్స్‌పాన్షన్ వెసెల్, 3 బార్ సేఫ్టీ వాల్వ్. రెండోది, నీటి గట్టిదనం తీసే సాఫ్ట్‌నర్. అందులో గట్టిదనాన్ని పట్టుకునే 50 లీటర్ల రెజిన్ ఈ నీటికి సుమారు 4,400 లీటర్ల దాకా పనిచేస్తుంది. మీటరు 4,000 దగ్గర, రెజిన్‌ను ఉప్పునీటితో కడిగే రీజనరేషన్‌కు పెట్టారు, ఒక్కోసారికి ఏడున్నర కిలోల ఉప్పు. ఉప్పు బస్తా అయిపోయినా ఎవరూ చూడకపోతే మూడు నెలల్లో ప్లేట్లు మూసుకుపోతాయి.

ఇక్కడ ఒక అపోహ తరచూ వినిపిస్తుంది. సాఫ్ట్‌నర్ ఫ్లోరైడ్‌ను తీయదు. నల్లగొండ పేరుతోనే ఉన్న పటిక, సున్నం పద్ధతి ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి. అది గట్టిదనానికి మందు కాదు. రెండూ వేర్వేరు జబ్బులు. సాఫ్ట్‌నర్ నీటిలో సోడియం పెరుగుతుంది కాబట్టి వంటకూ తాగడానికీ ఆ లైను నుంచి పట్టకూడదని వంటగదిలో బోర్డు పెట్టించాలి. భగీరథ నీళ్లు వచ్చే చోట బాయిలర్ లైను దానికి కలిపితే ఉప్పు ఖర్చు బాగా తగ్గుతుంది.

మిగతావి క్లుప్తంగా. పాత ఇటుక పొగగొట్టం ఈ చిన్న బాయిలర్‌కు మరీ పెద్దది. పొగ అందులో చల్లబడి చెమరుస్తుంది. లోపల 150 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ లైనర్ దింపి చుట్టూ ఇన్సులేషన్ వేశారు. గదికి అడుగున, పైన ఒక్కోటి 300 చదరపు సెంటీమీటర్ల జాలీ. నీటిని 100 డిగ్రీల లోపే వేడి చేసేది గనుక ఇది 1923 చట్టం స్థానంలో 2025లో వచ్చిన బాయిలర్ల చట్టం నిర్వచనంలోకి రాదు. కానీ సేఫ్టీ వాల్వ్, వేడి హద్దు దాటితే బర్నర్‌ను ఆపేసే హై లిమిట్ థర్మోస్టాట్ విషయంలో ఆ సడలింపు తీసుకోవద్దు. డీజిల్ నిల్వ మొత్తం 2,500 లీటర్లు దాటకుండా, ఒక్కో పాత్ర వెయ్యి లీటర్లు మించకుండా ఉంటే పెట్రోలియం లైసెన్సు అక్కర్లేదు. ఇక్కడ 500 లీటర్ల ట్యాంకు ఒక్కటే. అడుగున డ్రెయిన్ కాక్ ఉండి వానకాలంలో నెలకోసారి నీళ్లు వదలాలి. చవకగా వస్తుందని టైర్ల నుంచి తీసిన నల్ల ఆయిల్ పోయవద్దు. నాజిల్ వారంలో మూసుకుపోతుంది, అందులోని గంధకం ట్యూబులను తింటుంది.

మొదలుపెట్టాక పొగ 178 డిగ్రీలు, ఆక్సిజన్ 3.5, గది 32. పైన చెప్పిన లెక్కన పొగలో పోయేది 6.7 శాతం. కానీ మొదటి నెల డీజిల్ రోజుకు 21.2 లీటర్లు పడింది, లెక్క ప్రకారం ఇంకా తక్కువ పడాలి. స్టార్టులు ఎనిమిదికి బదులు 14. కారణం లూపు పంపు. లాండ్రీ మధ్యాహ్నం 2 గంటలకు మూస్తారు, పంపు తెల్లవార్లూ తిరుగుతోంది. 80 మీటర్ల పైపుకు కొత్త లాగింగ్ వేసినా మీటరుకు 13 వాట్లు పోతాయి. పైగా తిరిగొచ్చే నీరు ట్యాంకులో పొరలను కలిపేసి బర్నర్‌ను లేపుతోంది. టైమర్ పెట్టి పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2 దాకా, సాయంత్రం వంటగదికి ఒక గంట మాత్రమే తిప్పారు. డీజిల్ 19.5 లీటర్లకు దిగి నిలబడింది. రోజు మొత్తం మీద 84 శాతం. మంట మూడు గంటల పైచిలుకు, ఎనిమిది స్టార్టుల్లో. పాతదానితో పోలిస్తే రోజుకు పదిన్నర లీటర్లు, 96 రూపాయల లెక్కన ఏడాదికి మూడు లక్షల అరవై వేల పైన.

మెకానిక్ హైదరాబాద్ నుంచి రావాలి గనుక బాయిలర్ గదిలో ఒక డబ్బా ఉంచారు. 1.35 నాజిళ్లు రెండు, ఎలక్ట్రోడ్ల జత, ఫోటోసెల్, పంపు కప్లింగ్, డీజిల్ ఫిల్టర్, తలుపు తాడు గాస్కెట్. పొద్దున వోల్టేజీ పడిపోయే చోట బర్నర్‌కు విడిగా స్టెబిలైజర్. గోడకు వేలాడే పుస్తకంలో రోజూ నాలుగు అంకెలు రాస్తారు: డీజిల్ లీటర్లు, నీటి మీటరు, స్టార్టులు, పొగ వేడి. పొగ 178 నుంచి 200 దాటితే ట్యూబులు తోమాలి, నీటికి డీజిల్ నిష్పత్తి మారితే ప్లేట్లు విప్పాలి. సోలార్ కోసం ట్యాంకు అడుగున ఒకటింపావు అంగుళం టీ జాయింటు, వాల్వుతో సహా వదిలి ఉంది. డాబా మీద రెండో వరుస ప్యానెళ్లకు చోటు కూడా కొలిచి పెట్టారు.